పదకొండో రోజు గొంతుతో నాలుగు మాటలు

అందరికీ నమస్కారం. ముందుగా ఈ గొంతుని మన్నించాలి. ఇది నా అసలు గొంతు కాదు. నాకు పడిశం పట్టి ఇవాళ్టికి పదకొండో రోజు. జ్వరం లేదు, ముక్కు కారడం తగ్గింది, గొంతు మాత్రం ఇంకా బొంగురుగానే ఉంది. మధ్యమధ్యలో దగ్గుతాను, కంగారు పడకండి. చలికాలం జలుబు గురించి మాట్లాడమని పిలిచారు, జలుబుతోనే వచ్చాను. ఇంతకంటే సిద్ధపడి ఎవరొస్తారు చెప్పండి! (నవ్వులు)

పదకొండో రోజు అన్నాను, విన్నారా? ఇవాళ నేను చెప్పేదంతా ఆ లెక్క చుట్టూనే తిరుగుతుంది. నా దగ్గరికి జలుబుతో ఎవరొచ్చినా మొట్టమొదట అడిగేది "ఎన్నో రోజు?" అని. చాలామంది చెప్పలేరు. "చాలా రోజులైందండి" అంటారు. ఆ చాలా రోజుల్ని కూర్చోబెట్టి లెక్కేస్తే నాలుగు తేలతాయి. నాలుగో రోజు జలుబు దాని దారిన అది పోతున్న జలుబు. పద్నాలుగో రోజున కూడా అలాగే ఉందంటే దారి తప్పిందేమో చూడాలి. మీకు మందుల పేర్లు తెలియకపోయినా ఫర్వాలేదు. రోజు తెలియాలి.

సరే, మొదటి రోజు నుంచి వద్దాం.

మనం జలుబు అని ఒక్క పేరు పెట్టేశాం గానీ, దాని వెనక ఉన్న వైరస్‌లు 200కి పైనే. పెద్ద వాటా రైనోవైరస్‌లది. ఆ ఒక్క ఇంటిపేరు మీదే 160కి పైగా రకాలున్నాయి. "పోయిన నెలేగా వచ్చింది, మళ్ళీ ఏమిటండీ" అని అడుగుతారు. పోయిన నెల వచ్చింది ఒకడు, ఈ నెల వచ్చింది వాడి పినతండ్రి కొడుకు. పెద్దవాళ్ళకి ఏడాదికి రెండు మూడు సార్లు, చిన్నపిల్లలకి ఆరు నుంచి ఎనిమిది సార్లు జలుబు చేయడం మామూలే. పిల్లాడికి రోగనిరోధక శక్తి లేదేమో అని బెంగపడే తల్లులకి నేను ముందు ఈ లెక్కే చెబుతాను.

వైరస్ ముక్కులో చేరిన ఒకటి నుంచి మూడు రోజుల్లో గొంతు గరగరలాడుతుంది, ఒళ్ళు బరువెక్కుతుంది, రెండు తుమ్ములొస్తాయి. అదీ మొదటి రోజు. మర్నాడు ముక్కు నీళ్ళలా కారుతుంది. రెండో రోజో మూడో రోజో బాగా ముదురుతుంది. పడిశం పది రోగాల పెట్టు అన్నవాడు ఆ మూడో రోజు రాత్రే అని ఉంటాడు. ఆ తర్వాత కారేది చిక్కబడి పసుపుగా, ఆకుపచ్చగా మారుతుంది. ఇక్కడే జనం హడలిపోతారు. రుమాలు మడిచి తెచ్చి, నా బల్ల మీద విప్పి చూపించినవాళ్ళున్నారు. (నవ్వులు)

ఆ ఆకుపచ్చ ఎక్కడిదంటే, వైరస్ మీదికి దండెత్తిన మన తెల్ల రక్తకణాలది. వాటిలో ఇనుము ఉన్న ఒక ఎంజైము ఉంటుంది, దాని రంగే ఆకుపచ్చ. కణాలు గుంపుగా వచ్చి పడ్డాయి కాబట్టి రంగొచ్చింది. బాక్టీరియా చేరిందని ఆ రంగు చూసి ఎవరూ చెప్పలేరు. వైరస్ ఒక్కటే ఉన్నా చీమిడి పచ్చబడుతుంది. రంగు చూసి యాంటీబయాటిక్ మొదలుపెట్టడమంటే, వాన చూసి చెరువు తెగిందని అనుకోవడమే.

చీమిడి గురించి ఇంకో ముచ్చట. 1921లో శాస్త్రవేత్త అలెగ్జాండర్ ఫ్లెమింగ్‌కి జలుబు చేసింది. ఆయన ఊరుకోకుండా తన ముక్కులోది తీసి, సూక్ష్మజీవుల్ని పెంచే గాజుపళ్ళెంలో వేసి చూశాడు. కొన్ని సూక్ష్మజీవులు దానికి కరిగిపోయాయి. అలా బయటపడిందే లైసోజైము. మన కన్నీళ్ళలో, లాలాజలంలో, ముక్కులో ఉండే కాపలాదారు అది. అదే మనిషి ఏడేళ్ళ తర్వాత, 1928లో, పెన్సిలిన్ కనిపెట్టాడు. ఆ పెన్సిలిన్‌కి గానీ, దాని తర్వాత వచ్చిన ఏ యాంటీబయాటిక్‌కి గానీ ఆయనకి చేసిన ఆ జలుబుని తగ్గించే శక్తి లేదు. అవి బాక్టీరియా మందులు. వైరస్ జోలికి పోలేవు.

వారం నుంచి పది రోజుల్లో ముక్కు సంగతి తేలిపోతుంది. మిగిలేది దగ్గు. జలుబుతో వచ్చిన దగ్గు ఎన్నాళ్ళుంటుందనుకుంటున్నారు? చెప్పండి. (సభలోంచి: "వారం!" "పది రోజులండీ!") అందరూ అంతే అంటారు. అమెరికాలో 2013లో అచ్చయిన ఒక అధ్యయనంలో జనాన్ని ఇదే అడిగారు. వాళ్ళు చెప్పిన జవాబులు సగటున 7 నుంచి 9 రోజులు. అంతకుముందు జరిగిన పరిశోధనలన్నీ తీసి చూస్తే నిజంగా ఉండే దగ్గు సగటున దాదాపు 18 రోజులు. ఈ రెండు అంకెల మధ్యనే మందుల వ్యాపారమంతా నడుస్తోందంటాను నేను. ఎలాగంటే, ఎనిమిదో రోజున మనిషికి ఓపిక అయిపోతుంది. వెళ్ళి యాంటీబయాటిక్ రాయించుకుంటాడు, ఐదు రోజులు మింగుతాడు. పద్నాలుగో రోజుకి దగ్గు ఎటూ తగ్గుముఖం పడుతుంది. పేరు మాత్రకొస్తుంది. మళ్ళీ చలికాలం రాగానే మూడో రోజే వచ్చి "పోయినసారి ఇచ్చారే, ఆ మందే రాయండి" అంటాడు. రాయనంటే నాకు వైద్యం రాదని పక్కవాళ్ళతో చెబుతాడు.

(దగ్గు) క్షమించాలి. ఇది పద్దెనిమిది రోజుల్లో భాగం.

ఇప్పుడు మీలో సగం మంది మనసులో ఉన్న ప్రశ్న. చల్లగాలికి తిరిగితే జలుబు చేస్తుందా, చేయదా? పెద్దవాళ్ళు చేస్తుందంటారు. డాక్టర్లు ఎన్నో ఏళ్ళు "అదేం లేదు, అంతా వైరసే" అని కొట్టిపారేశారు. నేనూ కొట్టిపారేశాను.

ఇంగ్లండులో సాల్స్‌బరీ దగ్గర 1946 నుంచి 1989 వరకు జలుబు ఒక్కదాని కోసమే ఒక కేంద్రం నడిచింది. పేరు కామన్ కోల్డ్ యూనిట్. మామూలు మనుషులు తమంతట తాము వచ్చి పది రోజులు ఉండేవారు. తిండి, పడక ఉచితం, చేతిఖర్చుకి కాస్త డబ్బు. వాళ్ళు చేయాల్సిందల్లా ముక్కులో చుక్కలు వేయించుకుని కూర్చోవడం. ఆ చుక్కల్లో వైరస్ ఉందో లేదో వాళ్ళకి తెలియదు. ఆ తర్వాత రోజూ ఎన్ని రుమాళ్ళు వాడారో అక్కడివాళ్ళు లెక్కపెట్టేవారు. సెలవులు గడిచిపోతాయని వచ్చినవాళ్ళున్నారు, కొత్తగా పెళ్ళయి జంటగా వచ్చినవాళ్ళూ ఉన్నారట! (నవ్వులు) తొలినాళ్ళలోనే అక్కడ చలిని పరీక్షకి పెట్టారు. కొందరికి వేడినీళ్ళ స్నానం చేయించి, తడి ఆరకుండానే ఈదురుగాలి కొట్టే నడవాలో అరగంట నిలబెట్టారు. పైగా తడి మేజోళ్ళు తొడిగించారు. పాపం గజగజ వణికారు. కానీ వైరస్ చుక్కలు పడకుండా, ఉత్త వణుకుకి ఎవరికీ జలుబు రాలేదు.

మా మాటే నెగ్గిందనుకున్నాం. 2005లో బ్రిటన్‌లోనే కార్డిఫ్ అనే ఊళ్ళో చలి పరీక్ష మళ్ళీ మొదలుపెట్టారు. ఈసారి 90 మంది పాదాల్ని చల్లటి నీళ్ళ గిన్నెలో 20 నిమిషాలు పెట్టించారు. ఇంకో 90 మంది ఖాళీ గిన్నెలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నారు. తర్వాతి నాలుగైదు రోజుల్లో తమకి జలుబు చేసిందన్నవాళ్ళు తడికాళ్ళ జట్టులో 13 మంది, పొడికాళ్ళ జట్టులో 5 మంది. దీన్ని ఎలా అర్థం చేసుకోవాలి? ఆ పరిశోధకుల ఊహ ఏమిటంటే, వైరస్ అప్పటికే ముక్కులో నక్కి ఉంటుంది, చలికి ముక్కులోని రక్తనాళాలు ముడుచుకుని కాపలా సడలుతుంది, అది లేచి కూర్చుంటుంది. దానికి తోడు రైనోవైరస్‌లు 37 డిగ్రీల కంటే 33 డిగ్రీల దగ్గరే హాయిగా పెరుగుతాయి. మన ముక్కు లోపల ఉండేది దాదాపు ఆ వేడే. చలికాలం తలుపులన్నీ మూసుకుని ఒకరి ఊపిరి ఒకరం పీల్చడం సరేసరి. కాబట్టి మీ అమ్మగారు చెవులకి గుడ్డ కట్టుకోమంటే కట్టుకోండి, వాదించకండి. నేను మానేశాను.

నిద్ర సంగతి మాత్రం ఇంకా గట్టిగా తేలింది. 2009లో వచ్చిన ఒక అధ్యయనంలో 153 మంది ఆరోగ్యవంతుల నిద్ర రెండు వారాలు లెక్కగట్టి, ఆ తర్వాత వాళ్ళ ముక్కుల్లో రైనోవైరస్ వేశారు. రాత్రికి 7 గంటల కంటే తక్కువ పడుకునేవాళ్ళకి, 8 గంటలు పడుకునేవాళ్ళతో పోలిస్తే జలుబు దాదాపు మూడు రెట్లు ఎక్కువగా వచ్చింది. జలుబులో ఇంత కచ్చితంగా తేలిన విషయాలు నాకు తెలిసి చాలా తక్కువ.

ఇక ముక్కు దిబ్బడ. దీని దగ్గర కాసేపు ఆగుతాను, ఎందుకంటే నేను ఇక్కడ బోల్తా పడ్డాను.

ముక్కు మూసుకుపోతే లోపల ఏదో అడ్డుపడిందనుకుంటాం. చీదుతాం, చీదుతాం, ఏమీ రాదు. లోపల ముక్కు గోడలకి మెత్తటి గుజ్జులాంటి మడతలుంటాయి, నిండా రక్తనాళాలు. అవి ఉబ్బి దారి మూసేస్తాయి. మూతపడింది వాపుతో. చీదితే వాపు బయటికి రాదు కదా. పైగా రెండు రంధ్రాలూ ఒకేసారి మూసి గట్టిగా చీదితే ఆ ఒత్తిడికి లోపలిది పక్కనున్న సైనస్ గదుల్లోకి ఎగదన్నుతుంది. ఒకవైపు మూసి, రెండోవైపు మెల్లగా చీదండి. అది చాలు.

ఈ వాపుని తగ్గించే చుక్కలుంటాయి, ఆక్సీమెటజోలిన్, జైలోమెటజోలిన్ అని. వేసిన ఐదు నిమిషాల్లో స్వర్గం. నేను కొత్తగా ప్రాక్టీసు పెట్టిన రోజుల్లో ఒక చలికాలం ఆ సీసా జేబులో వేసుకుని తిరిగాను. జలుబు వారంలో పోయింది, సీసా పోలేదు. చుక్క వేస్తే తెరుచుకుంటుంది, నాలుగు గంటలకి మళ్ళీ బిగుసుకుంటుంది. తర్వాత మూడు గంటలకే. రాత్రి రెండింటికి లేచి దిండు కింద తడుముకునేవాణ్ణి. నెల రోజులు అలా గడిచాక ఒక సీనియర్ నా జేబు వైపు చూసి "ఏమయ్యా, ఎన్నో రోజు?" అన్నాడు. ఆ ప్రశ్న నేను అక్కడే నేర్చుకున్నాను. ఆ చుక్కలు మూడు రోజులు, మహా అయితే ఐదు. అది దాటితే మందే దిబ్బడ తెస్తుంది. మానేశాక ఒక వారం నోటితో ఊపిరి పీల్చాను, అంతే, వదిలిపోయింది.

దిబ్బడకి మింగే మాత్రల్లో చాలావాటిలో ఫినైలెఫ్రిన్ ఉంటుంది. 2023 సెప్టెంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ వేసిన నిపుణుల సంఘం దాని లెక్కలన్నీ చూసి, నోటితో మింగితే ఇది ముక్కుకి పనిచేయదని తేల్చింది. 16 మందీ ఒకే మాట. 2024 నవంబరులో ఆ సంస్థే మింగే జలుబు మందుల్లోంచి దాన్ని తీసేద్దామని ప్రతిపాదించింది. ఉప్పునీళ్ళ చుక్కలు వేసుకోండి, ఎన్నిసార్లయినా వేసుకోవచ్చు. ముక్కు కడుక్కునే అలవాటున్నవాళ్ళు మాత్రం కాచి చల్లార్చిన నీళ్ళే వాడాలి. పచ్చినీళ్ళు ముక్కులోకి ఎక్కించకూడదు. అరుదుగానైనా అందులో మెదడుకెక్కే అమీబా ఉండొచ్చు.

ఈ మధ్య ఒకాయన మూడు స్ట్రిప్పులు తెచ్చి నా ముందు వరసగా పేర్చాడు. ఒకటి జ్వరానికి, ఒకటి జలుబుకి, ఒకటి ఒళ్ళునొప్పులకి. "మూడూ మూడు పూటలా వేసుకుంటున్నానండీ, అయినా నీరసంగానే ఉంది" అన్నాడు. మూడింటినీ వెనక్కి తిప్పి, ఆ చీమతలకాయంత అక్షరాలు ఆయన చేతే చదివించాను. మొదటిదాంట్లో పారాసిటమాల్. రెండోదాంట్లో పారాసిటమాల్. మూడోది చదవకుండానే నా మొహంలోకి చూశాడు. పెద్దవాళ్ళకి రోజు మొత్తానికి 4 గ్రాములు దాటకూడదు, కాలేయం జబ్బున్నవాళ్ళకి, మద్యం తాగేవాళ్ళకి ఇంకా తక్కువ. ఇంటికెళ్ళాక మీ డబ్బాలో ఉన్నవన్నీ ఒకసారి అలా తిప్పి చూడండి.

మిగతావి గబగబా చెప్పేస్తాను. విటమిన్ సి ఏడాది పొడుగునా వేసుకునేవాళ్ళకి జలుబు రాకుండా పోదు, వచ్చినది పెద్దవాళ్ళలో 8 శాతం తొందరగా తగ్గుతుంది, అంటే వారంలో సగం రోజు. వచ్చాక మొదలుపెడితే అదీ నమ్మకం లేదు. ఆవిరి పడితే ఆ కాసేపు హాయిగా ఉంటుంది, జలుబు తొందరగా పోతుందనడానికి ఆధారం లేదు. పిల్లలకి మాత్రం వద్దు. జలుబుతో పోయేది పది రోజులు, మరిగే నీళ్ళ గిన్నె ఒరిగితే పోయేది ఒళ్ళు. రాత్రి దగ్గుకి తేనె కాస్త ఉపశమనం ఇస్తుంది, ఏడాది నిండని బిడ్డకి ఒక్క చుక్క కూడా నాకించకూడదు, బొటులిజం అనే విషజబ్బు రావచ్చు. నాలుగేళ్ళ లోపు పిల్లలకి దగ్గు, జలుబు సిరప్‌లు మీ అంతట మీరు పట్టకండి. జ్వరమొచ్చిన పిల్లలకి ఆస్పిరిన్ అసలు వద్దు.

(సభలోంచి ఒక మహిళ: "డాక్టరుగారూ, మరి ఫ్లూ అని ఎలా తెలుస్తుందండీ?")

మంచి ప్రశ్నమ్మా. జలుబు మెల్లగా వస్తుంది, గొంతులో మొదలై ముక్కులోకి దిగుతుంది. ఫ్లూ అలా కాదు, వచ్చి మీద పడుతుంది. "నిన్న సాయంత్రం నాలుగింటిదాకా బాగానే ఉన్నానండీ" అని గంటతో సహా చెబుతారు. గట్టి జ్వరం, వణుకు, ఎముకలు విరిచేస్తున్నట్టు నొప్పులు, మంచం దిగలేకపోవడం. ఇక్కడ నా లెక్క తిరగబడుతుంది. జలుబుకి పది రోజులు ఆగమంటాను, దీనికి ఆగొద్దంటాను. ఫ్లూకి ఒసెల్టామివిర్ అనే మందుంది, మొదటి 48 గంటల్లో మొదలుపెడితేనే బాగా పనిచేస్తుంది. గర్భిణులు, వయసు పైబడినవాళ్ళు, రెండేళ్ళలోపు పిల్లలు, ఉబ్బసం, గుండెజబ్బు, షుగరు ఉన్నవాళ్ళు మొదటి రోజే డాక్టరుకి చూపించుకోవాలి. టీకా వేయించుకున్నా అది పనిచేయడానికి రెండు వారాలు పడుతుంది కాబట్టి, ఇంట్లో ఒకరు పడ్డాక పరుగెత్తితే లాభం తక్కువ.

మామూలు జలుబు దారి తప్పిందని ఎలా తెలుస్తుంది? నేను ఎక్కువగా భయపడేది తిరగబెట్టడానికి. ఐదో రోజుకి తగ్గింది, లేచి తిరిగారు, ఏడో రోజున మళ్ళీ జ్వరం, ముందుకంటే ఎక్కువ దగ్గు. లేదా బుగ్గలో, కంటి పైన ఒకవైపు పోటు. లేదా పది రోజులైనా ఇసుమంత తగ్గలేదు. అప్పుడు బాక్టీరియా చేరిందేమో చూడాలి, యాంటీబయాటిక్‌కి పని అప్పుడుంటుంది. మాట్లాడుతుంటే వాక్యం పూర్తిచేయలేనంత ఆయాసం, ఛాతీలో నొప్పి, కఫంలో రక్తం, మనిషి తికమకగా మాట్లాడటం, ఇవి ఏ రోజు కనిపించినా రోజు లెక్క పక్కన పెట్టి ఆసుపత్రికి వెళ్ళాలి. రక్తంలో ఆక్సిజన్ చూడటానికి వేలికి పెట్టే ఆక్సీమీటరు పదేపదే 94 కంటే తక్కువ చూపించినా అంతే. పెట్టేముందు చేతులు రుద్ది వెచ్చబరచండి, గోళ్ళరంగు తుడవండి. చల్లటి వేళ్ళకి అది అబద్ధం చెబుతుంది. దగ్గు రెండు వారాలు దాటినా, అంతకుముందే సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం కనిపించినా క్షయ పరీక్ష చేయించాలి.

పసిపిల్లలు నోటితో చెప్పలేరు, వాళ్ళ కడుపు చెబుతుంది. బిడ్డ ఏడవకుండా, పాలు తాగకుండా, స్థిమితంగా ఉన్నప్పుడు ఒళ్ళో పడుకోబెట్టుకుని చొక్కా పైకెత్తండి. పొట్ట ఒకసారి లేచి దిగితే ఒకటి. గడియారం చూస్తూ నిండా ఒక నిమిషం లెక్కపెట్టాలి. పదిహేను సెకన్లు చూసి నాలుగుతో గుణించకండి, పసివాళ్ళ ఊపిరి ఒకసారి గబగబా, ఒకసారి నిదానంగా నడుస్తుంది. రెండు నెలల లోపు బిడ్డకి నిమిషానికి 60 గానీ ఆపైన గానీ, ఏడాది లోపు వాళ్ళకి 50 గానీ ఆపైన గానీ, ఐదేళ్ళ లోపు వాళ్ళకి 40 గానీ ఆపైన గానీ ఉంటే నెమ్ము, అంటే న్యుమోనియా, చేసిందేమో అనుకుని వెంటనే చూపించాలి. లెక్క సరిగ్గా ఉన్నా, ఊపిరి పీల్చినప్పుడు డొక్కలు లోపలికి లాక్కుపోతుంటే ఆగకూడదు. పాలు మానేసినా ఆగకూడదు. మూడు నెలల లోపు బిడ్డకి 38 డిగ్రీల జ్వరమొస్తే, అంటే 100.4 ఫారన్‌హీట్, అది జలుబేనని ఇంట్లో తేల్చేయకండి.

ఇంకెవరైనా అడుగుతారా? వెనక వరసలో స్తంభాన్ని ఆనుకుని ఒకాయన ఇందాకట్నుంచి నాకు తోడుగా దగ్గుతున్నారు. మీరేనండీ. ఎన్నో రోజు?

("తొమ్మిదోదండి.")

భేష్, ఠక్కున చెప్పారు. జ్వరం?

("మొదటి రెండు రోజులు. మళ్ళీ రాలేదండి.")

మెట్లెక్కితే ఆయాసం వస్తోందా? పొగ తాగుతారా?

("లేదండి. పొగ... అప్పుడప్పుడు.")

అది ఈ పది రోజులైనా ఆపండి, లేకపోతే నా పద్దెనిమిది మీ దగ్గర ఇరవై ఎనిమిదవుతుంది. దగ్గేటప్పుడు మాత్రం అరచెయ్యి అడ్డం పెట్టుకుంటున్నారు, ఇందాకట్నుంచి చూస్తున్నాను. మోచేతి మడతలోకి దగ్గండి, పక్కాయన మీ చేతిని పట్టుకుని పలకరించేలా ఉన్నారు. (నవ్వులు) ఇంకో వారం, పది రోజులు దగ్గుతారు. మందేమీ రాయడం లేదు. పదిహేనో రోజుకి కూడా తగ్గుముఖం పట్టకపోతే వచ్చి కనబడండి.